నిమ్మకాయ ఎక్కని లారీ

ఆ రోజుల్లో అనగానే మీరు నూనూగు మీసాల కుర్రవాణ్ణి ఊహించుకుంటారు. అంత కష్టపడకండి. నేను చెప్పబోయే ఆ రోజులు మూడేళ్ళ కిందటివి. అప్పుడు నాకు అరవై తొమ్మిది. మనిషికి చిన్నతనం రెండుసార్లు వస్తుందంటారు. మొదటిసారి వచ్చినప్పుడు నేను ఎద్దుల వెనక తిరుగుతూ దాన్ని గమనించనే లేదు. రెండోసారి వచ్చినప్పుడు మాత్రం వదల్లేదు. బొమ్మ లారీ మీద పంతం పట్టాను, గొప్పలు చెప్పాను, ఓడిపోయాను, అలిగి గోడవైపు తిరిగి పడుకున్నాను, మూడు రోజులు అన్నం ముట్టలేదు. (మూడు రోజులన్నది ఊళ్ళో చెప్పుకునే మాట. నిజానికి ఒకటిన్నర రోజు. అందులోనూ మధ్యలో ఒకసారి ఎవరూ చూడకుండా రెండు గుప్పిళ్ళు బొరుగులు తిన్నాను.) కాబట్టి దీన్ని నా చిన్ననాటి ముచ్చటగానే చదువుకోండి.

నేను ఎద్దుల దళారిని. ఆదోని సంతలో, ఎమ్మిగనూరు జాతరలో, నా తువ్వాల కింద నాలుగు వేల జతలకు బేరం కుదిరింది. (నాలుగు వేలన్నది నోటికి అలవాటైన మాట. నాలుగు వందలు అనుకోండి. మా ఇంటామె పక్కనే కూర్చుని జొన్నలు చెరుగుతోంది, చదివి వినిపించమంటుంది, కాబట్టి నూట యాభై అని రాస్తున్నాను.) దళారికి గుర్తు భుజం మీది తువ్వాల. సంతలో కొనేవాడూ అమ్మేవాడూ నలుగురి ముందు నోరు విప్పి ధర చెప్పరు. తువ్వాల కప్పుకుని దాని కింద చేతులు కలుపుతారు, వేళ్ళు పట్టుకుని నొక్కుతూ బేరమాడతారు. పైన ముఖాలు చూస్తే వానల గురించి మాట్లాడుకుంటున్నట్టుంటుంది, కింద మాత్రం యుద్ధం నడుస్తూ ఉంటుంది. నా తువ్వాల ఎర్రంచుది, ఎమ్మిగనూరు మగ్గం మీద నేసినది, పెళ్ళిలో మా మామ నా భుజాన కప్పినది. (అదే తువ్వాల అని అందరితో చెబుతాను గానీ, ఇది పదకొండోది. అంచు మాత్రం అదే రంగు.)

తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. ట్రాక్టరుకు సుడులు చూడనక్కర్లేదు, మూపురం తట్టనక్కర్లేదు, నడిపించి కాలు కుంటుతుందేమో చూడనక్కర్లేదు. సంతలో ఎద్దులు తగ్గాయి, ఎద్దులతో పాటు నన్ను పిలిచేవాళ్ళూ తగ్గారు. ఆ ఏడాదికి నా తువ్వాల కింద ఇంకొకరి చెయ్యి దూరి ఆరేళ్ళయింది. అయినా పొద్దున్నే తువ్వాల దులిపి భుజాన వేసుకుని సంత దాకా పోవడం, అక్కడ టీ తాగడం, ఎండ ముదిరేసరికి తిరిగి రావడం మానలేదు. "ఏమన్నా తగిలిందా?" అని మా ఇంటామె మొదట్లో అడిగేది. తర్వాత అడగడం మానేసింది. అడిగినప్పటికంటే మానేసినప్పుడే నాకు ఎక్కువ నొప్పి కలిగింది. మంచంలో పడితే మందు ఉంటుంది, కానీ కాళ్ళూ చేతులూ బాగుండి ఎవరికీ అక్కర్లేని మనిషికి ఏ డాక్టరు ఏం రాసిస్తాడు?

అలాంటి రోజుల్లో ఎమ్మిగనూరు నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. మా ఇంటామెకు తమ్ముడు, నేతపని చేసినవాడు. నలభై ఏళ్ళు మగ్గం గుంటలో కాళ్ళాడించి మోకాళ్ళు అరగదీసుకున్నాడు. ఇక గుంటలో దిగొద్దని డాక్టరు చెప్పాక, ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్‌లో వీడియోలు చూసి చూసి, ఒక ఆట పట్టుకున్నాడు. చేతిలో రిమోటు, ఎదురుగా మూరెడు పొడవు బొమ్మ లారీ, దాన్ని బండల మీదికి ఎక్కించాలి. "పరిగెత్తించేది గాదు బావా, పాకించేది" అని ముందే ఒకసారి చెప్పాడు, నేను చెవిన పెట్టలేదు. ఆ ఊళ్ళో రిటైరైన లెక్కల సారు ఒకాయన ఈ ఆటకు పెద్ద. వాళ్ళవైపు చేలు ఎక్కువ, మావైపు బండలు ఎక్కువ కాబట్టి, ప్రతి ఆదివారం సంచుల్లో లారీలు పెట్టుకుని బస్సెక్కి మా ఆదోని కోట కొండ కిందికి వచ్చేవాళ్ళు. బామ్మర్ది మోకాళ్ళతో కొండ ఎక్కలేడు, ఆయన లారీ ఎక్కేది. వారంలో ఆయనకు మిగిలిన ఒక్క సంతోషం అది.

"బావా, రెండు లారీలు ఇరిగిపోయినాయి" అన్నాడు ఫోన్‌లో. "ఒకదానికి కాలిరిగె, ఇంగోదానికి లోపల ఏందో అరిగిపాయ. ఈసారి గట్టిది కావాల. నువ్వే ఎంచి పెట్టల్ల."

"నేనా?"

"నువ్వు గాక ఇంగెవరు? ఎద్దును సూస్తానే దాని జాతకం సెప్పేటోడివి. లారీకేముండాది, దానికి కొమ్ములు కూడా ల్యావు."

నువ్వే ఎంచి పెట్టల్ల. ఆరేళ్ళుగా నేను వినని మాట అది. కళ్ళు తడిశాయి. (దుమ్ము పడిందని రాద్దామనుకున్నాను. కానీ ఇంట్లో, తలుపు వేసుకుని, మంచం మీద కూర్చుని ఉన్నాను.)

ఆ ఆదివారమే కొండ కిందికి పోయాను, భుజాన తువ్వాలతో. అక్కడ ఒక బండ ఉంది, గొంతుక్కూర్చున్న ముసలామెలాగా. వీళ్ళు దానికి ముసలవ్వ బండ అని పేరు పెట్టుకున్నారు. చెయ్యి తగలకుండా, ఒళ్ళోంచి భుజం మీదికి, భుజం మీదినుంచి నెత్తి మీదికి లారీని ఎక్కిస్తే గెలిచినట్టు. సారు లారీ పాతది, రంగు పోయింది, ముసలవ్వ నెత్తి మీద కూర్చుని ఉంది. సారు గొడుగు కింద కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"అన్నా, నీ బామ్మర్ది సెప్పినాడు, లారీ ఎంచనీకె వచ్చినావంట. దానికి గడ్డి ఏస్తావా, తవుడు పెడతావా?"

అందరూ నవ్వారు. బామ్మర్ది కూడా నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆరేళ్ళ తర్వాత నాకు నలుగురు వినేవాళ్ళు దొరికారు. వెంటనే బూడిదోడి కథ ఎత్తుకున్నాను. నా జీవితంలో ఎవరు ఏమన్నా చివరికి ఆ కథ దగ్గరికే తీసుకొస్తాను.

"సారూ, నాకు ఇరవై నాలుగేండ్లప్పుడు, కృష్ణగిరి రైతొకాయన బండలాగుడు పోటీకి ఒంటెద్దు కావాలన్యాడు, ఆయన దగ్గరుండే ఎద్దుకు జోడు. ఎమ్మిగనూరు జాతరకు పోయినా. ఐదువందల ఎద్దులు కట్టేసినారు. నేను ఒక్కదాని నోరు తెరిపించలా, ఒక్కదాని తోక ముట్టలా. ఈ కొన నుంచి ఆ కొనకు ఒక్కసారి నడిసినా. బూడిద రంగు ఎద్దొకటి పండుకోనుండాది. కట్టె సూపించి, ఇదీ అన్యా. సంతంతా నగినారు. ఆ ఏడు బండలాగుడులో ఫస్టు ఎవరిదనుకున్యావు?"

"బూడిదోడిది" అన్నాడు బామ్మర్ది, అలవాటుగా. పెళ్ళికీ చావుకీ ఈ కథ విన్నవాడు.

"అది ఎద్దన్నా. ఇది మిషను" అన్నాడు సారు.

అప్పుడు నా నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. తువ్వాల మీద అరచెయ్యి వేసి, "నేను ఎంచిన లారీ వచ్చే ఆదివారం ఈ ముసలవ్వ నెత్తికెక్కకపోతే, ఈ తువ్వాల తీసేస్తా. మళ్ళ జన్మలో భుజాన ఎయ్యను. దళారి అని పిలిపించుకోను" అన్నాను. ఎవరూ నవ్వలేదు. సారు కూడా గొడుగు మడిచి, "అంత మాటలెందుకన్నా" అన్నాడు. మాట వెనక్కి తీసుకోవడానికి అది మంచి సమయం. నేను మాత్రం నా తలమీది మచ్చ చూపించి, దేవరగట్టు దసరా కట్టెల పోరులోనే వెనకడుగు వెయ్యనివాణ్ణి అన్నాను. (ఆ మచ్చ దేవరగట్టుది కాదు. మా వంటింటి దూలం తగిలింది. దేవరగట్టుకు పోయాను గానీ, కట్టెలు లేచేసరికి దూరంగా ఒక ట్రాక్టరు కింద దూరాను.)

మరునాడు బామ్మర్దీ నేనూ కలిసి బొమ్మల అంగడికి పోయాం. అంగడి సాయిబు ఇలాంటి లారీలు తెప్పించి పెడతాడు. రెండు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, నిగనిగలాడుతూ, రొమ్ము విరుచుకుని, లైట్లు కళ్ళలా మెరుస్తూ ఉంది. రెండోది మట్టిరంగుది, బొద్దుగా, నేలకు కరుచుకుని ఉంది. దాని టైర్లు నొక్కితే పండిన సపోటాలాగా లోపలికి పోయాయి. ఒక చక్రం కింద అగ్గిపెట్టె పెట్టి ఎత్తితే ఆ కాలు ఒక్కటే పైకి లేచింది, మిగతా మూడూ తమకేమీ పట్టనట్టు కిందే ఉన్నాయి.

సాయిబు మట్టిరంగుదాన్ని తట్టి, "దేఖో పెద్దాయనా, బండలకైతే ఇదే. నిదానంగా పోతాది, పట్టు ఇడవదు. లోపల పళ్ళ చక్రాలన్నీ ఇనుపవి. పదిసార్లు కిందపడినా ఏం గాదు. ఆ నల్లది మైదానంలో పరిగెత్తేది, లోపలంతా ప్లాస్టిక్. బండలకు వద్దు" అన్నాడు.

ఇంతకంటే స్పష్టంగా ఏ మనిషీ ఏ మనిషికీ చెప్పలేడు. కానీ నేను సంతలో పెరిగినవాణ్ణి. సంతలో మొదటి పాఠం ఏమిటంటే, అమ్మేవాడు దేన్ని పొగిడితే దానికే లోపం ఉంటుంది. మంచి ఎద్దును ఎవడూ పొగడడు, దాన్ని కొంచెం వెనక కట్టేసి, ఇది అమ్మేది కాదప్పా అంటాడు. సాయిబు ఆ నల్లదాన్ని వద్దంటున్నాడంటే ఎవరికో దాచి పెట్టాడన్నమాట! బామ్మర్దిని మోచేత్తో పొడిచి కన్ను గీటాను.

తర్వాత నా పరీక్ష మొదలుపెట్టాను. మట్టిరంగుదాని కాళ్ళు పట్టుకుని ఊపాను, నాలుగూ నాలుగు వైపులా ఊగాయి. కాళ్ళు వదులు, పనికిరాదు. గిట్టలు మెత్తబడ్డాయి, రాళ్ళ మీద నాలుగు రోజుల్లో కుంటుతుంది. నడిపించమన్నాను, చూడి బర్రెలాగా కదిలింది. సోమరిది. నల్లదాని కాళ్ళు బిగుతు. గిట్టలు రాయిలాగా గట్టి. రిమోటు మీద వేలు పడగానే అంగడి ఈ మూల నుంచి ఆ మూలకు దూకి ప్లాస్టిక్ బిందెల దొంతిని పడగొట్టింది. తోక ముట్టగానే దూకే ఎద్దంటే అదీ!

"ఇదే" అన్నాను, కట్టె లేదు కాబట్టి గొడుగు చూపించి.

"బావా, ఆయప్ప వద్దంటాండాడు గదా" అని గొణిగాడు బామ్మర్ది.

"అందుకే ఇది."

బేరానికి తువ్వాల తీసి సాయిబు చేతి మీద కప్పబోయాను. ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. "ఏం పెద్దాయనా ఇది, రేటు డబ్బా మీదనే రాసుండాది గదా!" అన్నాడు. ఆరేళ్ళ తర్వాత ఒక చెయ్యి దొరికింది అనుకుంటే అదీ లేదు. తువ్వాల దులుపుకుని మళ్ళీ భుజాన వేసుకున్నాను.

లారీని మా ఇంట్లోనే పెట్టుకున్నాను, పోటీ దాకా సంరక్షణ నాదేనన్నాను. పోటీ ఎద్దును పస్తు పెట్టం కదా. బ్యాటరీ రోజూ నింపాను. గిట్టలు పగలకుండా రాసే పద్ధతిలో నాలుగు టైర్లకూ ఆముదం పట్టించాను, పొద్దునా సాయంత్రం, బొటనవేలితో నొక్కి మరీ. ఆదివారం పొద్దున కుంకుమ పెట్టి, వాకిట్లో నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టమన్నాను. కొత్త బండి ఏదైనా నిమ్మకాయ తొక్కి కదలాలి కదా. మా ఇంటామె పెట్టింది. బామ్మర్ది మీట నొక్కాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, లారీ ఉన్నచోటే వణికింది, ముందున్న రెండు నిమ్మకాయలు జారి కాలవలో పడ్డాయి, వెనకున్నవి మా ఇంటామె కాళ్ళ దగ్గరికి దొర్లుకుంటూ పోయాయి. ఒక్కటీ చితకలేదు.

ఆమె నిమ్మకాయ తీసి కొంగుతో తుడిచింది. దాన్నీ చూసింది, లారీనీ చూసింది, నన్నూ చూసింది.

"నిమ్మకాయ ఎక్కనిది బండెక్కుతాదా?"

"నీకేం తెలుసు, పో! రొట్టెలు సూసుకో" అన్నాను. (ఆ మాట నేను అనలేదని రాయాలని ఉంది. అన్నాను. కాలవలో పడని రెండు నిమ్మకాయలతోనే మధ్యాహ్నం చిత్రాన్నం చేసింది. తిన్నాను.)

సాయంత్రం నాలుగింటికి కొండ కింద అందరూ చేరారు. ముందు సారు తన పాత లారీని వదిలాడు. అది బండను వాసన చూస్తున్నట్టుగా ఒక్కొక్క కాలే మోపుతూ, ఆగి, ఆలోచించి, పక్కకు వాలి, మళ్ళీ పట్టు దొరికించుకుని, ముసలవ్వ ఒళ్ళోంచి భుజానికి, భుజంనుంచి నెత్తికి ఎక్కి కూర్చుంది. దాని కాళ్ళు నాలుగూ నాలుగు వైపులా ఊగుతున్నాయి. దాని టైర్లు రాయి మీద మెత్తగా పరుచుకుంటున్నాయి. బిగుతు కాలు బండలాగడానికే తప్ప బండెక్కడానికి కాదని, కోట కొండ ఎక్కేది మేకే గానీ ఎద్దు కాదని, అరవై తొమ్మిదేళ్ళుగా ఆ కొండ కిందే ఉంటూ నాకు అప్పుడే తట్టింది.

"ఇడు" అన్నాను బామ్మర్దితో.

వదిలాడు. లారీ దూకింది. బండకు తగిలి ఆముదం మీద సర్రున జారి వెనక్కి వచ్చింది. మళ్ళీ దూకింది, మళ్ళీ జారింది. నేను ఊరుకోలేకపోయాను. "హేయ్! హేయ్! దా! దా నాయనా!" అని ఎద్దును అదిలించినట్టు అదిలించాను, చప్పట్లు కొట్టాను, నేల మీద కాలితో తన్నాను. "అన్నా, దానికి సెవుల్ల్యావు" అన్నాడు ఎవరో. మూడోసారి ఊపుమీద అది నిజంగానే ముసలవ్వ భుజం దాకా ఎగిరింది. (సరే, మోకాలి దాకా.) అక్కడ గాల్లోనే తిరగబడి వెల్లకిలా పడింది. చక్రాలు పిచ్చిగా తిరిగాయి. కడుపులో చటచటమని ఏదో విరిగిన చప్పుడు వచ్చి, ఇంజను ఒక్కటే మూలిగింది, చక్రాలు ఆగిపోయాయి.

బామ్మర్ది కుంటుతూ పోయి దాన్ని ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల ప్లాస్టిక్ ముక్కలు గలగలమన్నాయి. "పోనీలే బావా" అన్నాడు. దాన్ని సంచిలో పెట్టి, రెండు మోకాళ్ళూ రెండు చేతులతో పట్టుకుని రాయి మీద కూర్చున్నాడు. మిగతావాళ్ళ లారీలు పాకుతుంటే సంచి ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాడు. ఆయన ఆదివారాన్ని నేను విరగ్గొట్టాను. నాకు తువ్వాల కంటే అదే ఎక్కువ బరువనిపించింది.

తువ్వాల తీశాను. సారు లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "తమాషాకు అనుకున్న మాట గదన్నా, ఉంచుకో" అన్నాడు. ఆయన ఎగతాళి చేసి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. నాలుగు మడతలు పెట్టి చంకలో ఇరికించుకుని ఇంటికి నడిచాను. దారిలో తెలిసినవాళ్ళు నలుగురు ఎదురయ్యారు, ఒక్కరూ నా భుజం వైపు చూడలేదు. ఆ తువ్వాల ఉన్నప్పుడూ ఎవరూ చూడలేదన్నమాట. దాన్ని మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆ ఒకటిన్నర రోజు నేను ఆలోచించింది చావు గురించి అని చెబితే బాగుంటుంది గానీ, నేను ఆలోచించింది బూడిదోడి గురించి. ఆ ఎద్దు పోయి ఎన్నో ఏళ్ళయింది. కృష్ణగిరి రైతూ పోయాడు. నా పేరంతా ఆ ఒక్క ఎద్దు మీద కట్టుకున్నది. దాని సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. మా ఇంటామె రెండుసార్లు వచ్చి, "లెయ్యి, రొట్టె తిందువు" అంది. లేవలేదు. మూడోసారి రాలేదు.

మంగళవారం పొద్దున వాకిట్లో బామ్మర్ది గొంతు వినిపించింది. "అక్కా! బావ యాడ?" లోపలికి వచ్చి మంచం మీద నా కాళ్ళ దగ్గర ఏదో పెట్టాడు. చూస్తే మట్టిరంగు లారీ. టైర్లకు నిజం మట్టి అంటుకుని ఉంది.

"ముసలవ్వ నెత్తికెక్కింది బావా!" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. "తెల్లారే మొదటి బస్సుకొచ్చి, అంగడి తీసేదాంక కాసుకోనుండి, ఆడికే ఎత్తకపోయినా. నాలుగుసార్లు ఎక్కింది. రెండుసార్లు పైనుంచి పడింది, లేసి మళ్ళ ఎక్కింది. ఏం గాలా!" తర్వాత నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నేనేం గొప్పగా ఎంచలేదులే. అంగట్లో అదొక్కటే మిగిలిండ్య. మిగిలిపోయిందే గదా అని తెచ్చుకున్యా."

మిగిలిపోయిందే. ఆ మాటకు నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఇప్పటికీ తెలియదు. లేచి కూర్చున్నాను.

"బూడిదోడు కూడా మిగిలిపోయిందేరా" అన్నాను.

బామ్మర్ది నోరు తెరిచాడు. నేను చెప్పేశాను. ఐదువందల ఎద్దులు లేవు. ఒక్క చూపు లేదు. కట్టె చూపించడం లేదు. కొత్తగా పెళ్ళయింది, జాతరకు పెళ్ళాన్ని వెంటబెట్టుకుని పోయాను, అంగడి ముందు కూర్చుని ఉగ్గాని బజ్జి తింటూ పొద్దు మరిచిపోయాను. సంత దగ్గరికి పోయేసరికి మంచి ఎద్దులన్నీ అమ్ముడుపోయి, ఎద్దుల్ని కట్టే గూటాలు, పేడ మిగిలాయి. ఒక మూల బూడిదరంగు ఎద్దొకటి పడుకుని ఉంది, ఎవరూ కొనక. దాని యజమాని కూడా ఇంటికి తోలుకుపోదామని పలుపు విప్పుతున్నాడు. ఉత్తచేతులతో పోతే కృష్ణగిరి రైతు ఏమంటాడోనన్న భయంతో దాన్ని పట్టుకొచ్చాను. అది గెలిచింది. రైతు నన్ను నలుగురిలో పొగిడాడు. నేను కాదనలేదు. కాదనకపోవడమే మొదటి అబద్ధం, తర్వాతవన్నీ వాటంతట అవే ఈనాయి.

వాకిలి దగ్గర నిలబడిన మా ఇంటామె అంది:

"నాకు తెలీదా? ఉగ్గాని రెండో ప్లేటు తెప్పించుకున్నది నేను గదా."

నలభై ఐదేళ్ళు. వందసార్లు విన్నది ఆ కథ, నేను వందమందికి చెబుతుంటే పక్కనే కూర్చుని. ఒక్కసారి కూడా పెదవి విప్పలేదు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయినా మిగిలిపోయిందాన్ని తెచ్చినందుకు మీరిద్దరూ అంత ఏడ్సనీకె ఏముండాదిలే" అని సర్దబోయాడు బామ్మర్ది.

"నేనేంటికి ఏడుస్తా? నాకు అలవాటే" అందామె. "మా నాయన సంబంధానికని ఆదోనికొచ్చే పొద్దుకు మంచోళ్ళందరికీ పెండ్లిళ్ళయిపోయిండ్య. మిగిలింది ఈయప్పొక్కడే."

బామ్మర్ది మంచం పట్టె పట్టుకుని పడీపడీ నవ్వాడు. నేనూ నవ్వాను, ఒకటిన్నర రోజు తర్వాత. ఆమె మాత్రం నవ్వలేదు. మేకు దగ్గరికి పోయి తువ్వాల తీసింది, దులిపింది, తన చేతి మీద కప్పుకుని నా ముందుకు చాపింది.

"పెట్టు సెయ్యి."

"ఏంటికి?"

"ఎన్ని రొట్టెలో సెప్పు. నోటితో అడిగితే సెప్పకపోతివి."

ఇన్నేళ్ళలో ఆమె చెయ్యి ఆ తువ్వాల కిందికి రాలేదు. పెట్టాను. జొన్నపిండి తట్టి తట్టి గట్టిబడిన వేళ్ళు, ఎండిన కట్టెపుల్లల్లాగా ఉన్నాయి. చీకట్లో వెతుక్కుని, రెండు వేళ్ళు పట్టుకుని నొక్కాను. ఆమె ముఖంలో ఏ భావమూ లేదు, కిటికీలోంచి ఎండను చూస్తోంది, అచ్చం సంతలో మనిషిలాగా. నా చేతిని విదిలించి, నా వేళ్ళు మూడు పట్టుకుని గట్టిగా నొక్కింది. నేను బేరమాడలేదు. నా తువ్వాల కింద ఆరేళ్ళ తర్వాత కుదిరిన బేరం అదొక్కటే, నా వృత్తిలో ఆఖరిదీ అదే.

మాట మాటే కాబట్టి తువ్వాల మళ్ళీ నా భుజం ఎక్కలేదు. ఇప్పుడు అది మా వంటింట్లో ఉంది, రొట్టెలు చల్లారకుండా చుట్టి పెడుతుంది మా ఇంటామె. ఆ పనికి బాగా ఎంచిన గుడ్డ. సంతకు పోవడం మానేశాను. ఆదివారం మాత్రం కొండ కిందికి పోతాను. నన్ను ఏదీ ఎంచమని ఎవరూ అడగరు, అడగరని తెలిసినా నాలుగు కాకముందే పోయి కూర్చుంటాను. బామ్మర్ది లారీ మూడేళ్ళుగా ముసలవ్వ నెత్తికెక్కుతూనే ఉంది, దానికి ఏమీ కాలేదు. భుజం తేలికగా ఉండటం ఇప్పటికీ అలవాటు కాలేదు, గాలి తగిలినప్పుడల్లా చెయ్యి దానంతటదే పైకి పోతుంది. అప్పుడప్పుడూ, అందరూ బండ వైపు చూస్తున్నప్పుడు, నేను ఆ అరవై తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి తలుచుకుంటాను. పాపం, వాకిట్లో గొంతుక్కూర్చుని, పొద్దునా సాయంత్రం, ఒక్కొక్క టైరుకూ ఎంత శ్రద్ధగా ఆముదం రాశాడో!